మూలశంక సారు

"మూలశంక గుజర్‌గయే" అన్నాడు ఖాదర్, పటాన్‌చెరులో బస్సు దిగి చాయ్ హోటల్ బెంచీ మీద నా పక్కన కూర్చుంటూనే.

పోయింది ఎవరో నాకు వెంటనే అర్థమైంది. ఖాదరూ నేనూ ఒకే ఏడు సంగారెడ్డిలో పంతుళ్ల ట్రైనింగు అయినవాళ్లం. మూలశంక అన్నది అక్కడి హెడ్మాస్టరుకు మేమంతా కలిసి పెట్టిన పేరు. అసలు పేరు చెప్పను. చెప్పి ఆయనను బతికించడం నాకు ఇష్టం లేదు.

"ఎప్పుడు?" అన్నాను.

"మొన్న జుమ్మా నాడట. సంగారెడ్డిల సంతాప సభ పెడుతున్నరు. నిన్ను మాట్లాడమంటున్నరు. సచ్చినోని గురించి నాలుగు మంచి మాటలు. నీకొస్తది గద మాట్లాడుడు."

నేను చాయ్ తాగాను. చక్కెర తక్కువైందని అనిపించింది. అంతకు మించి ఏమీ అనిపించలేదు.

సభకు పోలేదు. కాని ఆ నాలుగు మంచి మాటల కోసం నిజంగానే వెతికాను. ఆయన వేళకు బడికి వచ్చేవాడు. రోజూ ఉతికిన కోటు వేసుకునేవాడు. రెండయ్యాయి. మిగిలిన రెండూ ఎంత వెతికినా దొరకలేదు. దొరికినవి ఇవి.

పోలీసు చర్య అయి మూడు నాలుగేళ్లు దాటిన రోజులు. బడుల్లో ఉర్దూ వెళ్లిపోయి తెలుగు వస్తున్నది. మేమంతా ఇంట్లో తెలుగు మాట్లాడి పుస్తకంలో ఉర్దూ చదివినవాళ్లం. తెలుగులో పాఠం చెప్పమంటే నోరు తిరిగేది కాదు. మాకు తెలుగులో పాఠం చెప్పడం నేర్పడానికని ఆయనను కోస్తా నుంచి తెచ్చి హెడ్మాస్టరు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన మాకు లాటిన్ నేర్పాడు.

ఆయన ఎక్కడ పుట్టాడో, ఎవరి కొడుకో నాకు తెలియదు. మిషనరీ కాలేజీలో చదివాడనీ, అక్కడొక తెల్ల పాదిరి దగ్గర లాటిన్ నేర్చుకున్నాడనీ మాత్రం తెలుసు. రోజుకొకసారి ఆయనే చెప్పేవాడు కనుక. మనిషి సన్నగా, పొడుగ్గా, మెడ దాకా బొత్తాలు పెట్టిన తెల్లకోటులో సున్నం కొట్టిన స్తంభంలా ఉండేవాడు. ఏ మాటైనా విన్నాడంటే కళ్లు మూసుకునేవాడు. రెండు వేళ్లతో ముక్కు దూలం పట్టుకునేవాడు. తుమ్ము వస్తున్నదేమో అనుకుంటాడు కొత్తవాడు. వచ్చేది తుమ్ము కాదు.

"మూలం!" అనేవాడు వేళ్లు విడిచి. తర్వాత బల్ల మీద వేలి కణుపుతో ఒకసారి కొట్టి, ఎవరైనా చప్పట్లు కొడతారేమోనని చుట్టూ చూసేవాడు. "మూలం తెలియని మాట ముష్టివాడి చిప్ప వంటిదోయ్. ఎవడేం పడేస్తే అదే ఉంటుంది అందులో."

మూలం మూలం అని కలవరించే మనిషికి మూలశంక అన్న పేరు ఖాదర్ పెట్టాడు. ఆ రోగం ఉన్నవాడి లాగే ఈయన కూడా కూర్చోలేడు, పక్కవాణ్ణి కూర్చోనివ్వడు అని వాడి వాదం. హాస్టలు మొత్తం ఒప్పుకుంది.

ఆయన లాటిన్ అంతా చుట్టరికాల దగ్గర మొదలై చుట్టరికాల దగ్గరే ఆగిపోయేది. చెట్టుకు, పిట్టకు, వానకు, ఎండకు లాటిన్‌లో ఏమంటారో ఆయన ఎన్నడూ చెప్పలేదు. పాదిరి పుస్తకంలో ఆ ఒక్క పాఠం దాకానే వెళ్లాడేమో. తల్లి, తండ్రి, తాత, అవ్వ, మామ, అత్త, అల్లుడు. ఆయనకు వచ్చిన లాటిన్ మొత్తం ఒక అగ్గిపెట్టెలో పట్టేది. కాని ఆ అగ్గిపెట్టె చూపించి ఊరంతా తగలబెట్టేవాడు.

"ఇంగ్లీషు అంకుల్ ఎక్కడ నుంచి వచ్చిందోయ్? అవుంకులుస్! ఆవుస్ అంటే తాత. అవుంకులుస్ అంటే చిట్టితాత. అంటే తల్లి తోడబుట్టినవాడు. మేనమామ! ఆంట్ ఎక్కడిది? ఆమిటా. మేనత్త. ఇంగ్లీషువాడు తెలియక పినతండ్రినీ మేనమామనీ ఒక గాటన కట్టేశాడు గాని, రోమువాడు కట్టలేదు. పినతండ్రి పాత్రుఉస్. పినతల్లి మాటెర్టెరా."

సెలవు అడగడానికి వెళ్లినవాడు ముందుగా చుట్టరికం చెప్పాలి. చెప్పగానే ఆయన ముక్కు పట్టుకుంటాడు. ఒకసారి ఖాదర్ వెళ్లి, "సార్, మా ఖాలా బిడ్డ షాదీ ఉన్నది" అన్నాడు.

"ఖాలా అంటే ఏమిటోయ్? ఖాళీగా ఉండేదా?"

"అమ్మ చెల్లె సార్. మీ లాటిన్‌ల గూడ అమ్మ చెల్లెకు వేరే పేరున్నదన్నరు గద. మాకూ ఉన్నది. ఇంగ్లీషోళ్లకే లేదు, పాపం."

మేము నవ్వాం. ఆయన నవ్వలేదు. ఖాదర్‌కు ఒక పూట సెలవే దొరికింది. పెళ్లిలో నిఖా చూసి దావత్ తినకుండా వచ్చేశాడు.

బడి జవాను తన బిడ్డ పెళ్లికి పిలవడానికి పసుపు రాసిన కార్డు తెచ్చి రెండు చేతులతో ఇస్తే, ఆయన కార్డు తీసుకోకుండానే, "అల్లుడు. లాటిన్‌లో గేనెర్. మీ అల్లుడు వట్టి దేశ్యంరా" అన్నాడు. పాపం జవాను, అల్లుడి కులం తక్కువంటున్నాడేమోననుకొని మూడు రోజులు అన్నం సహించక తిరిగాడు. దేశ్యమంటే వేరే భాష నుంచి రాని ఇంటి మాట అని మేము కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది.

ఇవన్నీ నవ్వుకునే సంగతులే. ఆయన ఇంతవరకే అయితే నేను సభకు పోయి నాలుగు అబద్ధాలు చెప్పి వచ్చేవాణ్ణి.

నా గదిలో రుద్రారం సాయిలు ఉండేవాడు. వాడి చేతి రాత ముత్యాల పేరు. సుద్దముక్క పట్టి బోర్డు మీద రాస్తే అచ్చు వేసినట్టుండేది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి కూరగాయల గంప నెత్తిన పెట్టుకొని రుద్రారం నుంచి పటాన్‌చెరు అంగడికి నడిచి, వాణ్ణీ, వాడి తమ్ముణ్ణీ, చెల్లెనూ పెంచింది. ఆమె ఒకసారి వాణ్ణి చూడడానికి సంగారెడ్డి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గేటు పక్కన గోడ నీడలో కూర్చుని, కొంగులో కట్టుకొచ్చిన కాల్చిన మక్కబుట్టలు వచ్చినవాడికి వచ్చినట్టు పంచింది. మూలశంక అటు వెళ్తుంటే ఆయనకూ ఒకటి చాపింది. "తిను బిడ్డా. బువ్వ తిన్నవా?" అని అడిగింది.

ఆయన జవాను వైపు చూసి, "ఎవరీ ముసలావిడ?" అన్నాడు. మక్కబుట్ట తీసుకోలేదు.

ఆ తర్వాత రెండు మూడు నెలలకు అనుకుంటాను, ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురు వచ్చింది. మూలశంకకు పూనకం పట్టింది. హాలులో పెద్ద నల్లబోర్డు మీద చుట్టరికాల చార్టు ఒకటి రాయించాలని నిశ్చయించాడు. మధ్యన లాటిన్ మాట, ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు. రాయాల్సింది సాయిలు. రెండు రోజులుగా వాడు స్టూలెక్కి రాస్తూనే ఉన్నాడు. సగమైంది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు వస్తాడనగా, పొద్దున మేము ఇంకా ప్రార్థనకు నిలబడకముందే గేటు దగ్గర ఒకాయన వచ్చి నిలబడ్డాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. సాయిలు చిన్నాయన. తెల్లవారుజామున ఏదో లారీ పట్టుకొని రుద్రారం నుంచి వచ్చాడు.

"అవ్వకు పానం బాగలేదు బిడ్డా" అన్నాడు సాయిలుతో. "రాత్రి సంది మాట సక్కగ వస్తలేదు. నిన్ను తోల్కరమ్మన్నది. తొమ్మిది గంటల బస్సున్నది. పోదాం పా."

మా దిక్కున అవ్వ అంటే తల్లి. ఇంకో దిక్కున అవ్వ అంటే నాయనమ్మ, అమ్మమ్మ అని నేను పుస్తకాలు చదివాక తెలుసుకున్నాను.

సాయిలు ఆఫీసు గదికి పోయాడు. తోడుగా నేనూ పోయాను.

"సార్, మా అవ్వకు పానం బాగలేదు. సెలవు కావాలె."

ఆయన కళ్లు మూసుకొని ముక్కు పట్టుకున్నాడు.

"అవ్వ! మూలం చెప్పవోయ్."

"సార్, తొమ్మిదింటికి బస్సున్నది."

"బస్సుకు మూలం ఆమ్నిబుస్. అది తరవాత. అవ్వ. లాటిన్‌లో ఆవియా. ఆవుస్ తాత, ఆవియా అవ్వ. రోము ఎక్కడ, మీ రుద్రారం ఎక్కడ! ఎంత దూరం నడిచి వచ్చిందోయ్ ఆ మాట!" కణుపుతో బల్ల మీద కొట్టాడు. "సరే. మీ అవ్వకు ఒంట్లో బాగాలేదు. అవ్వలన్నాక ఒంట్లో బాగుండదు. దానికి సెలవెందుకు? రేపు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు."

"సార్, మా దిక్కు అవ్వ అంటే తల్లి సార్" అన్నాను నేను. "మొన్నొచ్చి గేటు కాడ కూసున్నది గద సార్, ఆమెనే."

"నిన్నెవరడిగారు?" అన్నాడు నావైపు తిరగకుండానే. "తల్లిని అవ్వ అనేవాడు రేపు పిల్లలకేం చెబుతాడు? చూడు సాయిలూ. తల్లి అయితే సెలవిస్తాను. అవ్వ అయితే ఇవ్వను. సరైన మాట చెప్పు."

తెలియక చేశాడని ఇంతవరకు ఎవరైనా అనుకొని ఉంటే ఇక అనుకోనక్కర లేదు. ఆయనకు తెలిసింది. తెలిసే ఆ మాట అన్నాడు.

"అమ్మ సార్" అన్నాడు సాయిలు. "మా అమ్మకు పానం బాగలేదు."

పుట్టిన తర్వాత వాడు ఆమెను ఎన్నడూ అలా పిలవలేదు. ఆ మాట వాడి నోట వింటుంటే ఎవరో పరాయివాళ్ల తల్లి సంగతి చెబుతున్నట్టుంది.

"పానం కాదు. ఒంట్లో బాగాలేదు, అనాలి."

"ఒంట్ల బాగలేదు సార్."

"ఒంట్లో."

"ఒంట్లో."

"అదీ! మాటెర్. తల్లి. వెళ్లు నాయనా, తప్పకుండా వెళ్లు. తల్లి కంటే ఎక్కువ ఎవరున్నారు?" నాకు ప్రాణం లేచి వచ్చింది. "ఆ చార్టు పూర్తి చేసి వెళ్లు."

సాయిలు కదలలేదు.

"నేను రాస్త సార్" అన్నాను.

"నీ రాత కోడి గెలికినట్టుంటుంది."

ఇప్పటి పిల్లలు వింటే వదిలేసి పోవచ్చు గదా అంటారు. సెలవు లేకుండా గేటు దాటితే పేరు కొట్టేసే రోజులవి. ఆ పేరు మీద ఇంట్లో ముగ్గురి బతుకు వేలాడుతున్నది. అదీగాక కుర్చీలో కూర్చున్నవాడిని చూస్తే వణికే అలవాటు మాకు దొరల కాలం నుంచీ వచ్చింది. రజాకార్ల కాలంలో అది ఎముకల్లోకి దిగింది. రాజ్యం మారినంత మాత్రాన పోలేదు. ఆమె మంచం మీద ఉందని తెలుసు గాని అంత తొందర ఉందని వాడికి తెలియదు. పదింటికి అయిపోతుంది, ఏదో లారీ పట్టుకోవచ్చు అనుకున్నాడు. స్టూలెక్కాడు.

మాటెర్ అని రాశాడు. పాటెర్ అని రాశాడు. ఫ్రాటెర్, సోరోర్. ఆయన కింద నిలబడి ఒక్కొక్క మాటా చెబుతున్నాడు. చెప్పి ఊరుకోడు. ప్రతి మాటకూ ముక్కు పట్టుకోవాలి. నేను స్టూలు పట్టుకున్నాను.

బస్సు హారను వినిపించింది. చిన్నాయన కిటికీ దగ్గరికి వచ్చాడు. కిటికీ అవతల పాత జైలు గోడ, ఇవతల ఆయన ముఖం.

"బిడ్డా, బస్సు కదులుతున్నది. వస్తవా, రావా?"

"ఎవరోయ్ అది?" అన్నాడు మూలశంక.

"మా చిన్నాయన సార్."

"పాత్రుఉస్! చూశారా, తండ్రి తమ్ముడు. ఇతన్ని అవుంకులుస్ అనకూడదు. అదే ఇంగ్లీషువాడయితే అంకుల్ అని చెడగొట్టేవాడు." ఆయన చిన్నాయనను చూసి సంతోషంగా తల ఊపాడు. సంతలో మంచి గిత్తను చూసినట్టు.

చిన్నాయన రెండు చేతులూ జోడించాడు. "దొరా, జెర పోరన్ని తోలుండ్రి" అన్నాడు.

"వస్తాడయ్యా, వస్తాడు. ఇంకెంత."

సాయిలు స్టూలు మీది నుంచే అన్నాడు. "నువ్వు నడువు చిన్నాయనా. నేను ఎనుక లారీల వస్త."

బస్సు పోయింది. అల్లుడు, కోడలు, మనవడు, మేనల్లుడు అన్నీ అయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. సాయిలు దిగాడు. ఆయన దూరం నిలబడి, తల ఒక పక్కకు వంచి చార్టు అంతా చూశాడు.

"నెపోస్‌లో ఓత్వం వంకర పోయింది. సరిచేసి వెళ్లు" అన్నాడు.

సాయిలు మళ్లీ ఎక్కి సరిచేశాడు.

చౌరస్తా దాకా ఉరికాం. బొంబాయి రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి. ఒక్కటీ ఆగలేదు. నడిచాం. మధ్యలో ఎవరిదో ఎడ్లబండి ఎక్కాం. మా నడక కంటే అది నెమ్మదని దిగి మళ్లీ నడిచాం. దారిలో ఒక్కసారి మాత్రం సాయిలు, "మాట సక్కగ వస్తలేదంటే ఏమైతదిరా?" అని అడిగాడు. జ్వరమెక్కువైతే అట్లనే అయితదన్నాను.

పొద్దు వాలుతుండగా రుద్రారం చెరువు కట్ట దిగుతున్నాం. ఎదురుగా మనుషులు వస్తున్నారు. అందరివీ తడిబట్టలు. ముందు సాయిలు తమ్ముడు. వాడి తల మీద జుట్టు లేదు.

సాయిలు అక్కడే నిలబడిపోయాడు.

చిన్నాయన వచ్చి వాడి భుజాలు పట్టుకున్నాడు. "నువ్వు రావనుకున్నం బిడ్డా. సారు ఇడుస్తలేడని నేనే జెప్పిన. పొద్దు గూకుతదని పాడె లేపినం. నేనే లేపుమన్న." ఆయన చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

"నోట్ల నీళ్లెవరు వోసిండ్రు?" అన్నాడు సాయిలు.

"నీ చెల్లె వోసింది."

"నన్నడిగిందా?"

ఆడవాళ్లలో వెనుక నడుస్తున్న చెల్లె దగ్గరికి వచ్చింది. "పొద్దటి సంది తలుపు దిక్కే సూసిందన్నా. బస్సు సప్పుడు ఇనంగనే వచ్చిండా అన్నది. చిన్నాయన ఒక్కడే దిగిండు."

సాయిలు దుమ్ములో కూర్చున్నాడు. వాడి చేతికి, మోచేతి దాకా సుద్ద తెలుపు. కొంతసేపటికి లేచి చెరువులోకి దిగి చేతులు కడుక్కున్నాడు. చర్మం ఎర్రగా కమిలేదాకా రుద్దుకున్నాడు. తర్వాత నీళ్లలో నిలబడే పెద్దగా పిలిచాడు, అవ్వా అని. ఆ పిలుపు నేను ఇక్కడ రాయలేను.

మర్నాడు ఇన్‌స్పెక్టరు రాలేదు. ఆ నెలంతా రాలేదు. చార్టు మీద దుమ్ము పడింది, బల్లి పాకింది. చివరికి లెక్కల సారు బోర్డు కావాలని చెరిపేశాడు.

దినాలైపోయాక సాయిలు బోడిగుండుతో తిరిగి వచ్చాడు. మొదటి గంటే మూలశంకది. హాజరు పిలుస్తూ ఆయన తలెత్తి చూసి, "ఏమోయ్, మీ మాటెర్ ఎలా ఉంది?" అన్నాడు. వెక్కిరింపు కాదది. మాట కొత్తగా నేర్పాను గదా, గుర్తుందా లేదా అని పరీక్ష. గుండు చూశాడు. గుండుకు అర్థం ఆయన దేశంలోనూ ఒకటే. అయినా అడిగాడు.

"సచ్చిపోయింది సార్" అన్నాడు ఖాదర్ వెనుక బెంచీ నుంచి. "అదే దినం."

ఆయన రిజిస్టరు మూశాడు. ఏదో ఒకటి అంటాడని చూస్తున్నాం. రామా అనో, పాపం అనో. ఆయన చేయి మెల్లగా ముక్కు దగ్గరికి పోయింది.

"ఆర్ఫన్" అన్నాడు. "లాటిన్‌లో ఓర్ఫనుస్. అయితే అది రోమువాడి సొంతం కాదు. గ్రీకువాడి దగ్గర తెచ్చుకున్నాడు. తల్లీ తండ్రీ లేనివాడు."

సాయిలు లేచి నిలబడ్డాడు. "సార్, ఇంకొకసారి చెప్పుండ్రి. లాటిన్‌ల ఏమంటరన్నరు?"

ఆయన ముఖం విప్పారింది. అంత సంతోషంగా ఆయనను మేము ఎన్నడూ చూడలేదు. ఆ ఏడంతా ఒక్క శిష్యుడూ తనంతట తాను మూలం అడగలేదు మరి. లేచి బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఓర్ఫనుస్ అని రాశాడు. కింద గీత గీశాడు. "రాసుకోండి" అని ఇటు తిరిగాడు.

ఒక్క కలమూ కదల్లేదు. అందరం చేతులు కట్టుకొని ఆయన ముఖమే చూస్తున్నాం. ముందుగా ఎవరూ అనుకున్నది కాదు. సాయిలు ఇంకా నిలబడే ఉన్నాడు.

"రాసుకోండర్రా" అన్నాడు మళ్లీ. ఎవరూ రాసుకోలేదు. ఆయన కాసేపు సుద్దముక్క వేళ్ల మధ్య తిప్పి, ఆ మాటను తానే చెరిపేసి, గంట కొట్టకముందే బయటికి వెళ్లాడు. ఆ తర్వాత మా తరగతిలో ముక్కు పట్టుకోవడం తగ్గించాడు. సిగ్గుపడి కాదు. మేము తగని శిష్యులమని నిశ్చయించుకొని.

పట్టాలు తీసుకొని విడిపోయాం. నాకు పటాన్‌చెరు బడిలో పని దొరికింది. సాయిలుకు సొంత ఊరి బడే దొరికింది. నేను ఇంగ్లీషు కొంచెం కొంచెం చదువుకొని, ఒక పెద్ద నిఘంటువు చూసే భాగ్యం కలిగినప్పుడు మొట్టమొదట వెతికింది చుట్టరికాల మాటలే. మదర్, ఫాదర్, బ్రదర్, సిస్టర్ లాటిన్ నుంచి రానే లేదు. అవి ఇంగ్లీషువాడి ఇంటి మాటలు. లాటిన్ మాటలకు పాలివాళ్లు, దాయాదులు అంతే, పుట్టిన బిడ్డలు కావు. ఇక మా అవ్వ రోము నుంచి నడిచి రాలేదు. ఇక్కడిదే. ఆయన మా చేత బట్టీ పట్టించినదాంట్లో సగం తప్పు. తప్పు కాకపోయినా ఆయన మీద నాకున్న అభిప్రాయం ఇదే ఉండేది.

అలాంటి మనిషికి ఏమవుతుంది? పెద్ద పదవి వస్తుంది. ఆయన ఇన్‌స్పెక్టరయ్యాడు.

ఒక ఎండాకాలం, ముందుగా పటాన్‌చెరు బడి చూసి, తర్వాత రుద్రారం చూస్తానన్నాడు. తోడు వెళ్లమని మా హెడ్మాస్టరు నన్ను పంపాడు. నన్ను ఆయన గుర్తుపట్టలేదు. సాయిలునూ గుర్తుపట్టలేదు. బోర్డు మీద రాసి ఉన్న పాఠం చూసి మాత్రం ఆగాడు.

"మంచి చేతివ్రాత. ఎవరి దగ్గర నేర్చుకున్నావోయ్?"

"మా ఊరి పంతులు కాడ సార్" అన్నాడు సాయిలు.

తిరుగు బస్సు రాలేదు. పొద్దు తిరిగిపోయింది. ఆయన పెదవులు ఎండిపోయాయి. పక్కన హోటలూ లేదు, అంగడీ లేదు. "మా ఇంటికి రాండ్రి సార్, ఇంత తిని పోదురు" అన్నాడు సాయిలు. నేను వాడి చెయ్యి గిల్లాను. వాడు చూడనట్టే ఊరుకున్నాడు.

అదే ఇల్లు. సాయిలు భార్య బాలమణి చాప వేసి, కంచు తలెలో అన్నం, పప్పు, పచ్చిపులుసు పెట్టింది. పక్కన చింతకాయ తొక్కు. ఆయన ఎవరో ఆమెకు తెలియదు. సాయిలు చెప్పలేదు. పెద్ద సారు అని మాత్రం అన్నాడు. ఆయన వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. మూడుసార్లు పెట్టించుకున్నాడు. ఆకలి మీద ఉన్నంతసేపు ఏ మాటకూ మూలం చెప్పలేదు. కడుపు నిండాక తేరుకున్నాడు. తలెలోనే చేయి కడిగి, ఇంటి నలువైపులా చూసి, "ఏమోయ్, ఇదేనా నీ ఫ్యామిలీ?" అన్నాడు.

"ఔ సార్. మా ఇంటామె, మా బిడ్డ. చెల్లెకు పెండ్లయింది. తమ్ముడు పొలం కాడున్నడు."

తడి చేయి ముక్కు మీదికి పోయింది. "ఫ్యామిలీకి మూలం తెలుసునా? ఫామిలియా. ఫాములుస్ నుంచి వచ్చింది. ఫాములుస్ అంటే నౌకరు. ఇంట్లో పనిచేసే బానిస అన్నమాట. రోములో యజమాని కింద ఉన్న బానిసల గుంపును ఫామిలియా అనేవారు. పెళ్లాం బిడ్డలు తరవాత చేరారు అందులో." చాప మీద కణుపుతో కొట్టాడు. చాప చప్పుడు చేయలేదు.

బాలమణి పచ్చిపులుసు గిన్నె పట్టుకొని గడపలో నిలబడి వింటున్నది. "ఏమంటుండు సారు?" అని అడిగింది భర్తను.

సాయిలు ఆమె ముఖం చూసి, తర్వాత ఆయన ముఖం చూసి, మెల్లగా చెప్పాడు. "సంసారమంటే ఇంట్ల పనోళ్లని అర్థమట."

"ఎవరు పనోళ్లు?"

"నువ్వు, నేను, బిడ్డ."

బాలమణి గిన్నె కింద పెట్టింది. కోపం రాలేదు ఆమెకు. "గట్లనా?" అన్నది. "అయితే గిప్పుడు పనోళ్లు పనికి రాలేదని చెప్పు. తిన్న తలె ఆయననే కడుక్కోమను."

అతిథి చేత ఎంగిలి తలె కడిగించడం మా దిక్కున ఎవరూ చేయరు. పగవాడికైనా చేయరు. నేను సాయిలు వైపు చూశాను. నవ్వి సర్దేస్తాడనుకున్నాను.

"సార్" అన్నాడు సాయిలు, సెలవు అడిగిన నాటి గొంతుతోనే, అంతే వినయంగా. "మా ఇంటామె తలె మిమ్ముల కడుక్కోమంటున్నది."

ఆయన నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆగాడు. నావైపు చూశాడు. నేను వాకిట్లో కోడిపిల్లలను చూస్తున్నాను. తర్వాతి బస్సుకు ఇంకా చాలా పొద్దుంది, బయట ఎండ మాడుస్తున్నది. ఆయన లేచాడు. కోటు చేతులు పైకి మడిచి, తలె పట్టుకొని గోళెం దగ్గరికి పోయాడు. చెంబుతో నీళ్లు తీసి తలె మీద పోసి, అటూ ఇటూ ఊపాడు. పప్పు జిడ్డు పోలేదు.

"గట్ల గాదు సారూ" అన్నది బాలమణి గడపలోంచి. "బూడిదె వెట్టి రుద్దుండ్రి."

ఆయన వంగి పొయ్యి బూడిద తీసుకున్నాడు. తెల్లకోటు అంచు బురదలో పడింది. సాయిలు లేవబోయాడు.

"కూసో" అన్నది బాలమణి.

సాయిలు కూర్చున్నాడు.